సైకిల్ బొమ్మ కింద మాట

అరవై నాలుగు వేసవిలో మా వెనకింటి తవిటయ్య, అతని భార్య చిలకమ్మ రెండు సైకిళ్ళు కొన్నారు. ఖరగ్‌పూర్‌లో సైకిల్ కొనడం వింత కాదు. రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగిందంటే గేటులోంచి తూము తీసినట్టు సైకిళ్ళే వస్తాయి. కానీ మా రైల్వే క్వార్టర్లున్న ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నలభై ఏళ్ళ ఆడమనిషి సైకిలెక్కడం అదే మొదలు. వాళ్ళ చేత ఆ పని చేయించింది నేను రాసిన ఒక వాక్యం.

నేను వర్క్‌షాపు ఆఫీసులో గుమస్తాని. విజయనగరంలో బి.ఏ. చదివి ఇటు వచ్చాను. నా భార్య కోటేశ్వరి పోయి అప్పటికి రెండేళ్ళు. దీపాలు పెట్టే వేళకి ఇల్లు మీద పడినట్టుండేది. నా కాలేజీ స్నేహితుడు బ్రహ్మానందం కలకత్తాలో ప్రకటనల కంపెనీలో ఉండేవాడు. నా ఉత్తరాలు చూసి ఏం కనిపెట్టాడో, "ఊరికే కూర్చోకు, ఇవి తెలుగు చేసి పంపు" అని ఇంగ్లీషు ప్రకటనలు పోస్టులో పంపడం మొదలుపెట్టాడు. సబ్బులు, టీ పొడి, టానిక్కులు. నా సాయంత్రాల్ని ఎలాగో ఒకలాగ గడిపించాలని అతని ఉద్దేశం. ఆ మాట అతనెప్పుడూ పైకి అనలేదు.

మార్చిలో ఒక సైకిల్ కంపెనీ ప్రకటన వచ్చింది. బొమ్మ బాగుంది. ముందు తండ్రి, పక్కన చీర కట్టుకున్న తల్లి, వెనక చిన్న సైకిళ్ళ మీద ఒక పిల్లాడు, ఒక పిల్ల. నలుగురూ నవ్వుతూ చెట్ల మధ్యనుంచి వస్తున్నారు. ఇంగ్లీషులో ఉన్నది రెండే ముక్కలు. "ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం, ఇంటిల్లిపాదికీ సరదా" అని తెలుగు చేశాను. బొమ్మ కింద మూడు పంక్తుల చోటుంది. నాది రెండు పంక్తుల్లో అయిపోయింది. ఖాళీ వదిలితే పళ్ళూడిన నోరులా ఉంటుంది, ఏదో ఒకటి రాసి నింపమని బ్రహ్మానందం రాశాడు. నింపాను. "రోజూ అరగంట తొక్కండి. ఆయాసం పోతుంది, గుండె గట్టిపడుతుంది."

ఆయాసం అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. కోటేశ్వరి చివరి ఆరునెలలూ వంటింట్లోంచి వీధిగుమ్మం దాకా రెండుసార్లు ఆగి వచ్చేది. ఆ మాట పక్కన 'పోతుంది' అని రాయాలనిపించింది. రాశాను. ఏ వైద్యుణ్ణీ అడగలేదు.

మద్రాసు నుంచి మా తెలుగు వారపత్రిక శనివారం మెయిలు బండిలో దిగేది. ఆ సాయంత్రం మా వరండాలో కూర్చుని నేను పైకి చదివేవాణ్ణి. తవిటయ్య లోకో షెడ్డులో, ఇంజనుకి బొగ్గు వేసే ఫైర్‌మన్. బండి మీద డ్యూటీ లేని శనివారం వచ్చి మెట్టు మీద కూర్చునేవాడు. చిలకమ్మ గుమ్మం పక్కన గోడకి చేరగిలబడేది. అతనికి సంతకం వచ్చు, అంకెలు వచ్చు, సిగ్నళ్ళన్నీ వచ్చు. పుస్తకం చదవడం ఇద్దరికీ రాదు. పిల్లలు లేరు. చిలకమ్మకి కథల కన్నా ప్రకటనలు ఇష్టం.

"బొమ్మున్న కాడ ఏటి రాసినారో అది సదవండి బాబూ. కతలో మనుసులు కనపడరు. ఈళ్ళయితే ఎదురుగా కనపడతన్నారు."

ఏప్రిల్‌లో ఒక శనివారం పేజీ తిప్పితే సైకిల్ బొమ్మ. చిలకమ్మ మోకాళ్ళ మీద జరిగి వచ్చి చూసింది.

"ఇదేటి, ఈయమ్మ సీరతోటే తొక్కుతున్నాదా?"

"చీరతోనే."

"కుచ్చిళ్ళు గొలుసులో పడవేటి?"

"ఆడవాళ్ళ సైకిలుకి గొలుసు మీద రేకు తొడుగు ఉంటుందమ్మా."

బొమ్మ కింద ఉన్నది చదివాను. కొంచెం గర్వంగానే చదివాను. రైల్వే ఉద్యోగి అనుమతి లేకుండా బయటి పని చేయకూడదు. అందుకని అవి నేను రాస్తానని ఎవరికీ చెప్పలేదు. నా మాట అచ్చులో నా చేతిలోనే ఉంటే, ఎవరో రాసినట్టు చదవడంలో ఒక చిలిపితనం ఉంది.

"ఆకరి మాట ఇంకోపాలి సదవండి," అన్నాడు తవిటయ్య.

చదివాను.

"గుండె గట్టిపడతాదని రాసినారా?"

"రాశారు."

"ఇంతమందికి పంచే పుస్తకం. డాక్టర్లనడక్కుండా రాయరు గదా బాబూ?"

ప్రకటనలు అమ్ముకోడానికి రాస్తారు తవిటయ్యా అని అనవలసింది. "అడిగే రాస్తారేమో," అన్నాను.

నెల తిరక్కుండా సైకిళ్ళు వచ్చాయి. అతనిది పాతబజారులో దొరికిన మగవాళ్ళ సైకిల్. ఆవిడది, పెన్షన్ పుచ్చుకున్న డ్రైవరు విల్‌ఫ్రెడ్ దొర వాళ్ళ దొరసానిది. ఆవిడ పోయాక పెరటి షెడ్డులో గోనె కప్పి ఉంచాడు. ఇచ్చేటప్పుడు తనే నూనె పెట్టి, సీటు చిలకమ్మ ఎత్తుకి దించి, గంట ఒకసారి మోగించి చూసుకుని, వెనక్కి చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

క్వార్టర్ల వెనక మైదానంలో నేర్చుకోవడం మొదలైంది. ఆదివారం ఉదయం సెటిల్‌మెంట్ సగం అక్కడే. మా వరసలో పోలమ్మ నీళ్ళ కుండ చంకనెత్తుకుని అలాగే నిలబడిపోయింది.

"ఓలమ్మో! సిలకమ్మ పోస్టుమేనయిపోనాది! ఒలే, మాకేటైనా ఉత్తరాలున్నాయేటే?"

"నీకు ఉత్తరం రాసీవోడెవడే? ముందు పక్కకి తప్పుకో! బ్రేకు ఎక్కడున్నాదో నాకింకా తెల్దు!"

తవిటయ్య సీటు పట్టుకుని వెనక పరిగెత్తేవాడు. "ఎదర సూడు, సెక్రం కేసి సూడకు, ఎదర సూడు," అని అరుస్తూ. మూడో ఆదివారం అతను చెయ్యి వదిలేశాడు. ఆవిడకి తెలియలేదు. మైదానం చివరిదాకా వెళ్ళి, దిగడం చేతకాక గడ్డిలో ఒరిగి, పడ్డచోటే కూర్చుని పెద్దగా నవ్వింది. పోలమ్మ కుండ దించి చప్పట్లు కొట్టింది. అందరూ అటే చూస్తున్నారు.

నేను ఇటు చూశాను. తవిటయ్య రెండు మోకాళ్ళ మీదా చేతులానించి వంగి నిలబడ్డాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది. పెదవులకి రంగు లేదు. నాకు ఆ ఊపిరి తెలుసు. రెండేళ్ళ కిందట నా ఇంట్లో విన్నదే.

"ఎన్నాళ్ళనించి?" అని అడిగాను.

"సలికాలం నించీ బాబూ. పార ఎత్తితే సాలు, రొమ్ము మీద ఎవుడో కూకున్నట్టుంటాది." ఊపిరి తీసుకున్నాడు. "ఆగస్టులో మెడికల్. అది పాసయితే షంటరు, తరవాత డ్రైవరు. ఇరవై ఏళ్ళు బొగ్గేసినాను, ఒక్కపాలి బండి నడిపే రెగ్యులేటరు మీద నా సెయ్యి పడాల. మీ పుస్తకం సమయానికి వొచ్చినాది. లేకపోతే నానేటి సేద్దును?"

అప్పుడైనా చెప్పవలసింది. చిలకమ్మ సైకిల్ నడిపించుకుంటూ, మోచేయి గీరుకుపోయి, వెలిగిపోతున్న ముఖంతో వస్తోంది. చెప్పలేకపోయాను.

ఆ తర్వాత అతను డ్యూటీ లేని ప్రతి ఉదయం ఇద్దరూ హిజిలీ రోడ్డున వెళ్ళేవారు. నేనూ నా సైకిల్ తీసుకుని వెంట వెళ్ళేవాణ్ణి. వ్యాయామానికని చెప్పాను. నిజానికి కాపలాకి. పక్కపక్కన తొక్కుతూ వాళ్ళు ఆ బొమ్మలో మనుషుల్లాగే ఉండేవారు. చిలకమ్మ గంట కొట్టి బెంగాలీ పాలవాడికి "దాదా, తప్పుకో" అనేది. తవిటయ్య నవ్వేవాడు. నవ్వు పూర్తయ్యేలోపే నోరు తెరిచి గాలి అందుకునేవాడు.

జూన్ మధ్యలో ఒక రోజు అతను తూము గట్టు మీద ఆగిపోయాడు. చిలకమ్మ ఎరక్క ముందుకు వెళ్ళిపోయింది. చెప్పులు విప్పి కూర్చుంటే చూశాను. పాదాలు నిగనిగలాడుతూ ఉబ్బి ఉన్నాయి. వంగి బొటనవేలితో నొక్కాను. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"తవిటయ్యా, ఈవేళే రైల్వే ఆసుపత్రికి వెళ్దాం."

"ఆ మాట మాత్తరం అనకండి బాబూ."

అది నాకు తెలియని సంగతి కాదు. బండి మీద పనిచేసే వాళ్ళెవరూ జబ్బు చేస్తే రైల్వే ఆసుపత్రి మెట్లెక్కరు. మందు ఉచితమే. కానీ డాక్టరు రాసిన ప్రతి ముక్కా కాగితం మీదెక్కి షెడ్డుకి వెళుతుంది. అందుకని దగ్గొచ్చినా, రక్తం కక్కినా, గోల్‌బజార్ కాంపౌండరు దగ్గరికే పోతారు. కాంపౌండరు కాగితాలు రాయడు.

"కాగితమెక్కితే బండి దింపీసినట్టే," అన్నాడు. "ఇంకో రెండు నెల్లు తొక్కుతాను. గుండె గట్టిపడతాదని రాసినారు గదా."

"అది నేనే రాశాను."

అతను నాకేసి చూశాడు.

"ఆ బొమ్మ కింద తెలుగు రాసింది నేనే తవిటయ్యా. కలకత్తా నుంచి నాకు పంపుతారు. ఆఖరి మాట ఇంగ్లీషులో లేనే లేదు. ఒక పంక్తి తక్కువైతే నింపడానికి కల్పించాను."

అతను నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుకి ఊపిరి చాలక దగ్గు వచ్చింది. నా భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"మీరు మంచోరు బాబూ. నన్నాపాలని ఎంత మాటైనా మీ నెత్తినేసుకుంటారు."

"ఇంట్లో నా చేతిరాత కాగితం ఉంది. చూపిస్తాను."

"సేత్తో ఎవులైనా రాత్తారు. అది అచ్చులో ఏసినారు గదా." చెప్పులు తొడుక్కున్నాడు. "పదండి. సిలక ఎంత దూరం ఎలిపోనాదో."

నేను నిజం చెప్పినప్పుడు నన్నెవరూ నమ్మకపోవడం నా జీవితంలో అదొక్కసారే.

చిలకమ్మకి చెబుదామనుకున్నాను. చెబితే ఏమవుతుంది? ఆవిడ అతన్ని అడుగుతుంది, అతను మళ్ళీ అదే నవ్వు నవ్వుతాడు. ఆ రోజే బ్రహ్మానందానికి ఉత్తరం రాశాను. మూడో పంక్తి తీసెయ్యి, దాని చోట ఆయాసం ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలని వెయ్యి అన్నాను. వారానికి జవాబు వచ్చింది. జూలై ప్రకటన అచ్చుకి వెళ్ళిపోయింది, ఆ తర్వాత నుంచి పంక్తి తీయిస్తానన్నాడు. డాక్టరు మాట మాత్రం కంపెనీ ఒప్పుకోదట. రోగం పేరెత్తితే సైకిల్ ఎవడు కొంటాడని అడిగారట. చివర్న, నీ ఒంట్లో బాగానే ఉందా అని రాశాడు.

జూలై మొదటి శనివారం జోరుగా వాన. తవిటయ్య మెట్టు మీద కూర్చోలేక లోపలికి వచ్చి గోడకి ఆనుకున్నాడు. నెల్లాళ్ళలో మెడ సన్నబడింది. చిలకమ్మ నూనె దీపం దగ్గరికి జరిపింది. పత్రికలో సైకిల్ బొమ్మ మళ్ళీ ఉంది. ఈసారి నలుగురూ ఏటి ఒడ్డున ఉన్నారు. కింద అవే మూడు పంక్తులు.

"అదుగో, సదవండి," అంది చిలకమ్మ.

చదివాను. ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం. ఇంటిల్లిపాదికీ సరదా. రోజూ అరగంట తొక్కండి. ఆయాసం పోతుంది, గుండె గట్టిపడుతుంది. అక్కడ ఆగలేదు. పంక్తి కింద తెల్లకాగితం కేసి చూస్తూ అదే గొంతుతో ముందుకి వెళ్ళాను.

"ఇదివరకే ఆయాసమున్నవారు, పాదములు వాచువారు తొక్కరాదు. వెంటనే పెద్ద ఆసుపత్రిలో చూపించుకొనవలెను. ఆలస్యము ప్రాణాపాయము."

వలెను, ఆలస్యము అని అచ్చు భాష పెట్టాను.

"పాదాలని రాసినారా?" అన్నాడు తవిటయ్య.

"రాశారు."

"పోయినపాలి లేదే?"

"ఈసారి చేర్చారు."

"ఇంకోపాలి సదవండి."

లేని మాటలు రెండోసారి పొల్లుపోకుండా చదవడం కష్టం. చదివాను. అతను పాదాలు పంచె కిందికి లాక్కున్నాడు.

"లెగు," అంది చిలకమ్మ అతనితో. "తెల్లారితే ఎల్దారి."

"మెడికలుకి నెల్లాళ్ళే ఉన్నాదే."

"పుస్తకంలో ఏసినారు," అంది.

తెల్లారి రైల్వే ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు అతన్ని ఇంటికి పంపలేదు. గుండె కవాటం ఒకటి బాగా ఇరుకైపోయిందట. ఇంకో నెల పార ఎత్తి ఉంటే ఏదో ఒక రాత్రి ఇంజను ఫుట్‌ప్లేట్ మీదే పడిపోయేవాడట. మూడు వారాలు మంచం మీద ఉంచారు. రోజూ రెండు పూటలా చిలకమ్మ గిన్నెల క్యారియరు హ్యాండిలుకి తగిలించుకుని, వానలో, ఆ దొరసాని సైకిల్ మీద ఆసుపత్రికి వెళ్ళి వచ్చేది. ఇప్పుడెవరూ చప్పట్లు కొట్టడం లేదు. పోలమ్మ మాత్రం చిలకమ్మ వాకిలి కూడా తుడిచి ముగ్గు పెట్టేది.

కాగితం షెడ్డుకి వెళ్ళింది. తవిటయ్యని బండి మీదనుంచి తీసి స్టేషను దీపాల గదిలో వేశారు. సిగ్నలు దీపాల్లో కిరసనాయిలు పోసి, గాజులు తుడిచి పెట్టే పని. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడవేపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఇరవై ఏళ్ళు బొగ్గేసినాను బాబూ," అన్నాడు ఇటు తిరక్కుండానే. "ఇప్పుడు సిమ్నీలు తుడవాల."

డ్యూటీలో ఉన్న నర్సు సూసన్న, శ్రీకాకుళం ఆవిడ, నాకు కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు.

అతను ఇంటికి రావడానికి రెండు రోజుల ముందు చిలకమ్మ మా వరండా ముందు సైకిల్ దిగింది. మెట్టెక్కలేదు. కొంగు తడిసి ఉంది.

"ఆ రోజు మీ కాడినించి అట్టుకెల్లిన పుస్తకం ఆయన తలగడ కింద ఎట్టుకున్నారు. నిన్న పక్క మంచపాయనకి ఇనిపించాలని, పాదాల మాట ఉన్న కాడ సదవమని సూసన్నమ్మని అడిగినారు. ఆయమ్మ సూసి, సూసి, సదివినాది. తరవాత నన్ను బయటికి పిలిసినాది. 'ఆ మాట ఇందులో నేదు సిలకమ్మా. ఆయన ముకం సూసి, ఆయన సెప్పిందే ఉన్నట్టు సదివినాను. ఎవరు సెప్పినారు?' అన్నాది."

"లేదమ్మా," అన్నాను. "అది నేను కలిపాను."

"మరి గుండె గట్టిపడతాదన్నది?"

"అది పుస్తకంలో ఉంది. అదీ నేను రాసిందే. అబద్ధం అదే."

హ్యాండిలు మీద ఆవిడ చేతులు బిగుసుకున్నాయి.

"రెండు నెల్లు మాతో కూడా తొక్కినారు."

"తొక్కాను."

"తెలిసీ."

"తెలిసీ."

ఇంకేమైనా అంటుందని నిలబడ్డాను. తిడితే బాగుండేది.

"ఆయనకి మాత్తరం సెప్పకండి," అంది చివరికి. "పుస్తకం సెప్పినాదని బండి ఒదులుకున్నారు. మనిసి కల్పించి సెప్పినాడంటే ఆయనకింకేటీ మిగల్దు."

సైకిలెక్కలేదు. నడిపించుకుంటూనే వెళ్ళింది.

ఆ తర్వాత తొమ్మిది శనివారాలు మా వరండాకి ఎవరూ రాలేదు. వెనక గోడ మీదుగా వాళ్ళ దీపం కనిపించేది, మాటలు వినిపించేవి కావు. పత్రిక వస్తే చుట్టిన కాగితం విప్పకుండా అలమారులో పెట్టేవాణ్ణి. ఆ తర్వాత ప్రకటనలు రాయడం మానేశానని చెప్పుకుంటే బాగుండేది. మానలేదు. సబ్బులు, టీ పొడి రాశాను. పంక్తి తక్కువైతే తక్కువగానే పంపాను. బ్రహ్మానందం ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

సెప్టెంబరు చివర ఒక శనివారం తవిటయ్య వచ్చాడు. ఒంట్లోంచి కిరసనాయిలు వాసన వస్తోంది. వేళ్ళ సందుల్లో మసి. మెల్లగా కూర్చుని, ఊపిరి కుదురుకున్నాక, "పుస్తకం వొచ్చినాదా బాబూ?" అన్నాడు. వెనకే చిలకమ్మ వచ్చి గుమ్మం పక్కన గోడకి ఆనుకుంది. నాకేసి చూడలేదు.

కథ చదివాను. వంటల పేజీ చదివాను. ఇంకో పేజీ తిప్పితే నలుగురూ సైకిళ్ళ మీద నవ్వుతున్నారు. గబుక్కున రెండు పేజీలు కలిపి తిప్పబోయాను.

"అదేటో బొమ్మున్నాది," అంది చిలకమ్మ. "సదవండి. ఉన్నదున్నట్టు సదవండి."

బ్రహ్మానందం మాట నిలబెట్టుకున్నాడు. బొమ్మ కింద రెండు పంక్తులే ఉన్నాయి. మూడోదాని చోట తెల్లగా ఉంది.

"ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం, ఇంటిల్లిపాదికీ సరదా," అని చదివి ఆగాను.

"అంతేనా?" అన్నాడు తవిటయ్య.

"అంతే."

"గుండె మాట తీసీసినారా? మరి ఆ పాదాల మాటో? డాక్టరు మాటో?"

కాగితం మీంచి కళ్ళెత్తకుండా ఉన్నాను. అతను నన్ను చూస్తున్నాడని తెలుస్తోంది.

"ఎన్నిపాల్లు సెప్తారు?" అంది చిలకమ్మ గోడ దగ్గర్నుంచి, కోపంగా. "అవసరమున్నోడికి ఒక్కపాలి సెప్పినారు. ఇన్నావు. ఎల్లావు. బతికినావు. మల్లీ మల్లీ ఏటి, నీ కోసరమే పుస్తకమచ్చేత్తారేటి?"

తవిటయ్య వేళ్ళ సందుల్లో మసి పంచెకి తుడుచుకున్నాడు.

"అదీ నిజమేలే," అన్నాడు. "తిప్పండి బాబూ."

నేను పేజీ తిప్పాను.